గంధర్వలోకానికి పోయిన రెండు కుటుంబాలు

గంధర్వలోకానికి పోదామని అన్నది మా ఆయనే. నా అనుమానం అక్కడే మొదలైంది.

మా ఆయన ప్రభాకర్ అప్పటికి పన్నెండేళ్లుగా పెద్దాయన జీపు నడుపుతున్నాడు. పెద్దాయన అంటే జమ్మలమడుగు చుట్టూ పదిహేను ఊళ్లలో ఓట్లు ఎటు పడాలో చెప్పే మనిషి. ఆయనకు ఎదురుగా పెద్దముడియం వైపు ఇంకో పెద్దాయన ఉండేవాడు. ఇద్దరూ చెరో పార్టీలో ఉండేవాళ్లు. ఎనిమిదేళ్ల కిందట ముద్దనూరు దారిలో మోరీ దగ్గర మా వాళ్ల జీపు మీద బాంబులు పడ్డాయి. ఇద్దరు చనిపోయారు. ప్రభాకర్ వీపంతా చీరుకుపోయినా బతికి బయటపడ్డాడు. ఆర్నెల్లు తిరిగేసరికి అవతలి వాళ్ల ట్రాక్టరు తగలబడింది. అందులో ఒకతను కాలిపోయాడు. రెండు కేసులూ ప్రొద్దుటూరు కోర్టులో వాయిదాల మీద నడుస్తూనే ఉన్నాయి.

బాంబుల తరువాత మా ఆయన మారిపోయాడు. తలుపుకు వీపు పెట్టి కూర్చోడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకడు, పిలిచింది ఎవరో చూసుకున్నాక పలుకుతాడు. ఆదివారం చర్చికి మాతో కలిసి రాడు, ఒకసారి ముందు వస్తాడు, ఒకసారి పాటలు అయిపోయాక వస్తాడు. ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు, అక్కడికి సినిమాకు తీసుకుపొమ్మని మా పాప షారోను ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారి తీసుకుపోలేదు. అట్లాంటి మనిషి దసరా సెలవులు రాబోతున్నాయనగా ఒకరోజు అన్నం తింటూ, బెంగళూరు దగ్గర గంధర్వలోకం అని పెద్ద పార్కు ఉందట, పాపను తీసుకుపోదామా అన్నాడు. షారోనుకు పదేళ్లు. ఆ పిల్ల ఎంగిలి చేత్తోనే వాళ్ల నాన్న మెడ పట్టుకుంది. నేను మాత్రం మజ్జిగ గిన్నె చేత్తో పట్టుకుని ఆయన ముఖమే చూస్తూ ఉండిపోయాను.

నేను జమ్మలమడుగులోనే చిన్న పిల్లల బడిలో టీచర్ని. మా బడిలో నాతోపాటు పనిచేసే గుల్జార్‌బీ ఎండాకాలం సెలవుల్లో తన కుటుంబంతో ఆ పార్కుకు పోయివచ్చింది. మేమూ పోతున్నామని చెప్పకుండా, మా బంధువులెవరో అడుగుతున్నారని చెప్పి ఆమె దగ్గర వివరాలు రాబట్టాను. పొద్దున గేటు తీసేవేళకే అక్కడ ఉండాలట. గిరగిరా తిరిగే ఆటలన్నీ అన్నానికి ముందే ఆడేయాలి, లేకుంటే వాంతులు తప్పవు. నీళ్ల ఆటలు ఎండ ముదిరాక పెట్టుకోవాలి. పిల్ల చేతికి ఫోన్ నంబరు రాసిన చీటీ కట్టాలి. ఎవరైనా తప్పిపోతే వెతుక్కోకుండా అందరూ రెక్కల గుర్రం బొమ్మ దగ్గరికి రావాలని ముందే చెప్పుకోవాలి. సద్ది కట్టుకుపోతే గేటు బయటే తినేయాలి, ఎందుకంటే సంచులన్నీ వెతుకుతారు. పండు కోసుకునే చాకు కూడా లోపలికి పోనివ్వరు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చి ఆయనకు చదివి వినిపించాను. చీటీ మాట, గుర్రం మాట ఆయన వినిపించుకోలేదు. సంచులు వెతుకుతారన్న చోట మాత్రం ఆపమన్నాడు. మగవాళ్లను కూడా ఒళ్లు తడిమి చూస్తారా అని అడిగాడు. చూస్తారట అన్నాను. నీళ్లలోకి దిగేటప్పుడు మన బట్టలతోనే దిగొచ్చా అని అడిగాడు. దిగకూడదు, మగా ఆడా అందరికీ పార్కువాళ్లే నైలాను బట్టలు ఇస్తారు, అవే కట్టుకోవాలి, మనవి పెట్టెలో పెట్టి తాళం వేయాలని చెప్పాను. మరునాడు పొద్దున చెప్పులు వేసుకుంటూ మళ్లీ అదే అడిగాడు. గుల్జార్‌బీని ఇంకోసారి కనుక్కోమన్నాడు.

ఆ రోజు బడిలో నా మనసు మనసులో లేదు. లోపలికి ఏదో తీసుకుపోవాలనే ఈయన ఇన్నిసార్లు అడుగుతున్నాడని అనిపించింది. పెద్దాయన ఏదో పని చెప్పి ఉంటాడు, ఆ పనికి నేనూ పాపా అడ్డం, పెళ్లాం బిడ్డలతో వచ్చిన వాణ్ణి ఎవరూ అనుమానించరు కదా. ఆయన ఇంట్లో లేనప్పుడు సంచీ అంతా దులిపి చూశాను. రెండు చొక్కాలు, ఒక పంచె, బైబిలు. బైబిలు కూడా తిప్పి చూశాను.

ప్రయాణం కూడా ఆయన అనుకున్నట్టే జరిగింది. పెద్దాయనకు మాత్రం మా అమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతున్నామని చెప్పాడట. నన్నూ ఎవరు అడిగినా అదే చెప్పమన్నాడు. నేరుగా బెంగళూరు బస్సు ఉన్నా ఎక్కనివ్వలేదు. పులివెందుల దాకా ఒక బస్సులో వచ్చి అక్కడ దిగాం. బస్టాండులో గంటన్నర కూర్చున్నాం. కదిరి మీదుగా పోయే బస్సు ఒకటి వచ్చింది, ఎక్కబోయి మళ్లీ వెనక్కి వచ్చాడు, టీ అంగడి దగ్గర నిలుచున్న ఒకతను మా వెంటే లేచాడని. ఆ మనిషి ఆ బస్సెక్కి వెళ్లిపోయాక గాని మేం తరువాతి బస్సు ఎక్కలేదు. పార్కులో ఏమేం ఆడాలో షారోను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. నేను ఎదురు సీట్లలో ఉన్నవాళ్ల చేతులు చూస్తున్నాను. నాకూ ఆయన జబ్బే అంటుకుంది.

బెంగళూరులో మా చిన్నాన్న కొడుకు శుభాకర్ ఇంట్లో పడుకుని, తెల్లారి గంధర్వలోకం గేటు దగ్గరికి చేరాం. గుల్జార్‌బీ చెప్పినట్టే గేటు ఇంకా తీయలేదు. తెచ్చుకున్న ఉగ్గాని గేటు బయటే తిన్నాం. గేటుకు రెండు పక్కలా తాటిచెట్టంత గంధర్వులు సిమెంటుతో చేసినవి, రెక్కలకు బంగారు రంగు. లోపల కోట, కోట మీద పొగ కక్కే నాగరాజు, దూరంగా ఆకాశంలో తిరిగే రథాలు కనబడుతున్నాయి. షారోను నోరు తెరిచి చూస్తోంది. మా ఆయన మాత్రం పక్క వరసలో మగవాళ్లను తడిమి చూస్తున్న సెక్యూరిటీవాణ్ణి చూస్తున్నాడు. తన వంతు వచ్చినప్పుడు చేతులు పైకెత్తి నిలుచున్నాడు. అయిపోయాక కూడా పక్కకు జరిగి తన వెనక వచ్చేవాళ్లను ఎట్లా తడుముతున్నారో ఒక పది మంది వరకు చూశాడు. అప్పుడు ఆయన ముఖంలో కొంచెం తేట వచ్చింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

రెక్కల గుర్రం దగ్గర గుర్తు పెట్టుకున్నాం. రథాల ఆట ఒకటి ఆడించాం. పది దాటిందో లేదో నీళ్లకు పోదామన్నాడు. నీళ్లు మధ్యాహ్నం పోవాలని రాసుకొచ్చాను కదా అని గుర్తు చేశాను. గడియారం చూసుకుంటూ, పదకొండుకు అలల కొలనులో ఉండాలి అన్నాడు. ఎందుకు ఉండాలని అడిగేలోపే ముందు నడిచాడు.

అలల కొలను అంటే సముద్రపు ఒడ్డులా కట్టిన పెద్ద తొట్టి. గంట కొట్టగానే మిషను తిరిగి అలలు వస్తాయి. ఆడవాళ్ల వైపు పోయి నేనూ పాపా నీలం నైలాను బట్టలు వేసుకుని వచ్చేసరికి ఆయన మోకాళ్ల దాకా నిక్కరు వేసుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నలుగురి ముందు చొక్కా విప్పడం అదే మొదలు. వీపు మీద మచ్చలు ఎండలో నల్లగా మెరుస్తున్నాయి. పక్కన ఉన్న పిల్లలు అవి చూసి గుసగుసలాడుకుంటున్నారు.

అప్పుడే నాకు రామాంజులు కనబడ్డాడు.

అతన్ని నేను ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో రెండుసార్లు చూశాను. అవతలి పెద్దాయన జీపు డ్రైవరు. మోరీ దగ్గర బాంబులు వేసినవాళ్లను తెచ్చిన జీపు నడిపింది అతనేనని మా వైపు అందరూ చెప్పుకునేవారు. అట్లాగే ట్రాక్టరు తగలబడ్డ రోజు జీపు నడిపింది మా ఆయనేనని వాళ్లు చెప్పుకునేవారు. ఆ మాట నిజమా అని నేను మా ఆయన్ని ఏనాడూ అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం. ఇప్పుడు ఆ రామాంజులు అదే నీలం నిక్కరుతో నీళ్లలోకి దిగుతున్నాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ, తోలు ముడుచుకుని ఉంది, ఆ ట్రాక్టరు మంటల్లో కాలిందే కాబోలు.

పాపను గట్టిగా పట్టుకున్నాను.  ఇద్దరి చేతులూ చూశాను. ఖాళీ చేతులు. నిక్కర్లకు జేబులు కూడా లేవు. సంచుల సంగతి, బట్టల సంగతి ఆయన ఎందుకు అన్నిసార్లు అడిగాడో అప్పుడు తెలిసింది. తాను ఏదో తెచ్చుకోవడానికి కాదు, ఎదుటివాడు తేలేడని ఖాయం చేసుకోవడానికి.

ఒడ్డున నా పక్కకు ఒకామె వచ్చి నిలుచుంది. నాకంటే చిన్నది, బక్కపలచటి మనిషి. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల. నైలాను బట్టల మీద తువ్వాలు కప్పుకుని, ఆ తువ్వాలు పదే పదే లాక్కుంటోంది.

"టీచరమ్మవు నువ్వేనా?" అంది. అవునన్నాను. తన పేరు నాగమ్మ అనీ, రామాంజులు భార్యననీ చెప్పింది. ఆమెకు ఆ పొద్దున గేటు దగ్గర గాని విషయం తెలియలేదట. "నాకూ ఏం చెప్పల్యాక్కా. బిడ్డకు రెక్కల గుర్రం సూపిస్తానని తోడుకొచ్చినాడు" అంది. ఆమె పిల్ల పేరు గౌరీ. గౌరీ అప్పటికే షారోను చేతికి కట్టిన చీటీ చూసి, తనకూ ఒకటి కావాలని అడుగుతోంది.

పిల్లల్ని లోతులేని చోట కూర్చోబెట్టి, నాగమ్మను చూసుకోమని, నేను నీళ్లలోకి దిగాను. మగవాళ్లిద్దరూ నడుము లోతులో, మధ్యలో ఒక బారెడు దూరం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఒకరి మచ్చలు ఒకరు చూస్తున్నారు. నేను దగ్గరికి పోతే మా ఆయన వెనక్కి పొమ్మన్నాడు. నేను పోలేదు.

"మీ పెద్దాయన నీకేం చెప్పినాడప్పా?" అని రామాంజులు అడిగాడు.

"నువ్వు నాకోసం తిరుగుతాండావని చెప్పినాడు. నువ్వు కొట్టకముందే నన్ను కొట్టమన్యాడు. బండి, మనుషుల్ని తానిస్తానన్యాడు" అన్నాడు మా ఆయన.

రామాంజులు ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. తరువాత, "మా పెద్దాయనా అదే చెప్పినాడు. మాట గూడా మారల్యా" అన్నాడు.

మిగతా సంగతి ముక్కలు ముక్కలుగా, అల వచ్చినప్పుడల్లా ఆగుతూ బయటికి వచ్చింది. ముద్దనూరు రోడ్డులో పంక్చర్లు వేసే నబీ రసూల్ దగ్గర రెండు వైపుల జీపులూ ఆగుతాయి. రెండు నెలల కిందట పెద్దాయనలు ఇద్దరూ అనంతపురంలో ఒక కల్యాణమండపంలో కూర్చుని మాట్లాడుకున్నారనీ, ఎన్నికలకు ముందు ఇద్దరూ ఒకే పార్టీలో చేరబోతున్నారనీ నబీ రసూల్ చెవిన పడింది. రాజీ అవుతున్నవాళ్లు తమ డ్రైవర్లను మాత్రం ఒకరి మీదికి ఒకరిని ఎందుకు ఉసిగొల్పుతున్నారో అతనికి అర్థం కాలేదు. ఇద్దరికీ ఆ మాట చేరవేశాడు. కలిసి మాట్లాడుకోమని చెప్పింది కూడా అతనే. అయితే యాడ కలిసేది? జిల్లాలో ఎక్కడ నిలబడ్డా సాయంత్రానికి తెలిసిపోతుంది. ఒంటరిగా వస్తే నమ్మేది లేదు, పెళ్లాం బిడ్డలతో వస్తేనే వస్తానని ఇద్దరూ కబురు పంపుకున్నారు. పండ్ల చాకు కూడా పోనివ్వని చోటు ఏదుందా అని వెతికి, చివరికి ఈ పార్కు అనుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. మమ్మల్ని పూచీగా పెట్టి, మాకు ఒక మాట కూడా చెప్పకుండా తెచ్చారన్నమాట. మా ఆయన్ని అక్కడే నిలదీశాను.  చెబితే నేను వచ్చేదాన్ని కానని మాత్రం అన్నాడు. అది నిజమే.

అప్పుడు నేనే అడిగాను, ఆ రెండు రోజులూ ఆ రెండు జీపుల్లో ఎవరెవరు ఉన్నారని. ఎనిమిదేళ్లుగా అడగని మాట. ఇద్దరూ తల దించుకున్నారు. మోరీ దగ్గర బాంబులు వేసిన రోజు అవతలి పెద్దాయనే జీపులో ముందు సీట్లో కూర్చున్నాడట. ట్రాక్టరు తగలబెట్టిన రోజు మా పెద్దాయన దిగి, తన చేతులతో కిరసనాయిలు పోశాడట. కేసుల్లో వాళ్ల పేర్లు లేవు. చూసినవాళ్లలో ఒక్కొక్కరే చచ్చిపోగా, ఇంక మిగిలింది డ్రైవర్లు ఇద్దరే.

"ఒకే పార్టీలో పక్కపక్కన కూర్చోవాలంటే ఆ రెండు కేసులూ ఉండగూడదు. మీరిద్దరూ ఒకర్నొకరు చంపుకుంటే చెప్పేవాళ్లు మిగలరు. పాత పగని లోకం అనుకుంటుంది" అన్నాను.

అల ఒకటి పెద్దది వచ్చి ముగ్గురినీ వెనక్కి నెట్టింది. రామాంజులు జారి పడబోతే మా ఆయన రెక్క పట్టుకున్నాడు. కాలిన చెయ్యే అది. పట్టుకున్న వెంటనే వదిలేశాడు.

ఆ మధ్యాహ్నం ఒక మాట అనుకున్నారు. ఇతను అతని మీదికి పోడు, అతను ఇతని మీదికి రాడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పి జీపు దిగేయాలి. పార్కు సంగతి ఎవరికీ తెలియకూడదు. మగవాళ్ల మాట మీద నాకూ నాగమ్మకూ పెద్ద నమ్మకం లేదు. మేం వేరే ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు ఆమె పెద్దముడియం వచ్చి కాయిన్ ఫోను నుంచి మా చర్చి పక్కన ఉన్న అంగడికి ఫోను చేయాలి. బాగున్నారా అంటే బాగున్నాం అనాలి, అంతే. పిల్లలిద్దరూ సాయంత్రం దాకా కలిసి ఆడుకున్నారు. పోయేటప్పుడు మాత్రం రెండు కుటుంబాలూ వేర్వేరు గేట్ల నుంచి బయటికి వచ్చాం.

ఇంటికి వచ్చాక ప్రభాకర్ కన్ను మసకగా ఉందని చెప్పి జీపు తాళాలు ఇచ్చేశాడు. పెద్దాయన ఏమీ అనలేదట. ఏమీ అనకపోవడమే బాగాలేదని మా ఆయన అన్నాడు. నాలుగు ఆదివారాలు నాగమ్మ ఫోను వచ్చింది. నాలుగోసారి గౌరీ కూడా మాట్లాడి షారోను ఎట్లుందని అడిగింది.

అయిదో ఆదివారం ఫోను రాలేదు.

పన్నెండున్నర దాకా అంగడి దగ్గర నిలబడ్డాను. ఇంటికి పోయి చెబితే ఆయన లేచి, దొడ్లో చెక్క సందులో పెట్టిన కొడవలి తీసి మంచం పక్కన పెట్టుకున్నాడు. రామాంజులు మాట తప్పాడని ఆయన లెక్క. నాకు ఇంకో అనుమానం పుట్టింది. ఆ వారంలోనే గురువారం ఆయన పొద్దున పోయి సాయంత్రం వచ్చాడు. కంటి డాక్టరు దగ్గరికి ప్రొద్దుటూరు పోయానన్నాడు. కన్ను బాగాలేదన్నది మేం అల్లిన అబద్ధమే కదా, మరి డాక్టరెందుకు? అడిగితే, జనం నమ్మాలి కదా అన్నాడు. అన్నప్పుడు నా వైపు చూడలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టాను. ఆయనకు చెప్పకుండా పెద్దముడియం బస్సెక్కాను. అక్కడి నుంచి రామాంజులు ఊరు మూడు కిలోమీటర్లు, నడిచి పోయాను. శనగ చేలల్లో పనిచేసేవాళ్లు తలెత్తి చూశారు. ఆ ఊళ్లోకి మా వైపు మనుషులు ఎనిమిదేళ్లుగా పోలేదు.

నాగమ్మ కిటికీలోంచి నన్ను చూసి తలుపు తీయలేదు. ఎందుకు ఫోను చేయలేదని అడిగాను. లోపలి నుంచే చెప్పింది.

"మీ ఆయన గురువారం పొద్దుటూరులో జీపు తోలుతాండాడు. బంగారంగళ్ల కాడ మావోల్లు ఇద్దరు సూసినారు. పక్కన మీ పెద్దాయన. మాకేమో జీపు దిగమని చెప్పి, తానేమో ఎక్కినాడు. ఇంగ నిన్నెట్ల నమ్మేదక్కా?"

 అబద్ధమని అనలేకపోయాను, గురువారం ఆయన ప్రొద్దుటూరు పోయిన సంగతి నాకు తెలుసు కాబట్టి. ఆ విషయం నాకూ చెప్పలేదు, నాకూ ఇప్పుడే తెలుస్తోంది అన్నాను. ఆమె నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు. లోపల రామాంజులు దగ్గు వినిపించింది. అతని దగ్గర కూడా మంచం పక్కన ఏదో ఉండే ఉంటుంది అనుకున్నాను.

తిరిగిపోతే ఏమవుతుందో నాకు తెలుస్తూనే ఉంది. వారం తిరక్కముందే ఇద్దరిలో ఎవరో ఒకరు భయానికి ముందడుగు వేస్తారు. అందుకని వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఊళ్లో చిల్లర అంగడిలో ఫోను ఉంది. పక్కింటి ముసలామెతో పాటు పోయి మా బడికి ఫోను చేశాను. గుల్జార్‌బీ ఎత్తింది. ఆమెకు పార్కు సంగతి, అన్నీ, మొదటిసారి చెప్పాను. అంగడి ముందు ఉన్నవాళ్లంతా విన్నారు. వినాలనే గట్టిగా చెప్పాను. రామాంజులు ఇంటి అరుగు మీద ఉన్నాననీ, ప్రభాకర్ స్వయంగా వచ్చి పిలిస్తే తప్ప లేవననీ, బస్సులో రావాలి, ఒంటరిగా రావాలి, చేతిలో ఏమీ ఉండకూడదనీ ఆయనతో చెప్పమన్నాను. ఆమె, పాపను నేను చూసుకుంటాలే అని ఫోను పెట్టేసింది.

తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఊరంతా ఒకరొకరే వచ్చి చూసిపోయారు. ఒకతను నన్ను పోలీసులు పంపారేమో అన్నాడు. ఇంకొకతను ఈమెను అడ్డం పెట్టుకుని వెనక జీపుల్లో వస్తారు చూడండి అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఊరి బయట దారి కాయడానికి పోయారు. మధ్యాహ్నం నాగమ్మ తలుపు కొంచెం తీసి, చెంబుతో నీళ్లు బయట పెట్టి మళ్లీ మూసుకుంది. అన్నం తింటావా అని అడగలేదు. నేను మనసులో ప్రార్థన చేసుకుందామంటే మాటలు కుదరలేదు. ఆయన వస్తాడన్న నమ్మకం నాకే లేదు. వస్తే జీపులో మనుషులతో వస్తాడేమోనని కూడా భయపడ్డాను. పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి గురించి నేను అట్లా అనుకున్నాను. దాచడం ఎందుకు.

నాలుగు గంటలప్పుడు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు, ఎవరో వస్తున్నాడని. ప్రభాకర్ పెద్దముడియం నుంచి ఆ మూడు కిలోమీటర్లూ నడిచి వస్తున్నాడు. ఊరి బయట కాపున్నవాళ్లు ఆపి తడిమారట, చేతులెత్తి నిలబడ్డాడట. వీధిలోకి వచ్చేసరికి ఆయన వెనక ముప్పై మంది ఉన్నారు. ఇంటి ముందుకు వచ్చి నిలబడి, చొక్కా గుండీలు విప్పి, చొక్కా తీసి అరుగు మీద పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఆ మచ్చలు చూసి గుంపులో మాటలు ఆగిపోయాయి.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రామాంజులు బయటికి వచ్చాడు, వెనక నాగమ్మ.

నాగమ్మ అడగ్గానే గురువారం సంగతి మా ఆయన అందరి ముందూ చెప్పాడు. పెద్దాయన మనిషిని పంపి పిలిపించాడు. కన్ను ఎట్లుందో చూస్తాను, ప్రొద్దుటూరు దాకా తోలమన్నాడు. కాదనడానికి ధైర్యం చాలలేదు. దారిలో దసరాకు నిజంగా వేలూరే పోయావా అని మూడుసార్లు అడిగాడట. ముందరి రోజు రాత్రి కలిసి తిన్నవాళ్లే మరునాడు నిన్ను పట్టిస్తారు జాగ్రత్త అన్నాడట. బంగారు అంగళ్ల వీధిలో పని లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిప్పించాడట. ఇప్పుడు ఆలోచిస్తే, అవతలి వాళ్ల కళ్లలో పడాలనే తిప్పించాడని తెలుస్తోందన్నాడు.

"నా పెండ్లానికి గూడా చెప్పల్యా. సిగ్గయింది. భయమూ అయింది" అన్నాడు. తరువాత గుంపు వైపు తిరిగాడు. "అందరూ ఉండారు, వినండప్పా. రామాంజులుకు ఏమన్నా అయితే అది నేను చేసింది కాదు. ఎవరు చేసింటారో మీరే అడగండి. ఆ రెండు పొద్దులూ జీపుల్లో ఎవరుండారో మా ఇద్దరికీ తెలుసు. పిలిస్తే కోర్టులో చెప్తాం."

 ట్రాక్టరులో కాలిపోయినతని తండ్రి లక్ష్మీనరసయ్య అక్కడే, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన మెల్లగా ముందుకు వచ్చి, ఆ పొద్దు జీపు తోలింది నువ్వేనా అని అడిగాడు. మా ఆయన నేనేనని ఒప్పుకున్నాడు. ముసలాయన చెయ్యెత్తి కొట్టాడు. చెంప మీద ఒకటే దెబ్బ. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ముసలాయన రెండోది కొట్టలేక అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

చాలాసేపటి తరువాత రామాంజులు కూడా అదే మాట అన్నాడు. ప్రభాకర్‌కు ఏమన్నా అయితే తాను చేసింది కాదనీ, మోరీ దగ్గర జీపు నడిపింది తానేననీ ఒప్పుకుని, ముందు సీట్లో కూర్చున్నది ఎవరో పేరు పెట్టి చెప్పాడు. ఆ పేరు ఎవరూ గట్టిగా పలకగా నేను అంతకుముందు వినలేదు.

ఆఖరి బస్సుకు మమ్మల్ని పంపడానికి రామాంజులు, నాగమ్మ పెద్దముడియం దాకా నడిచి వచ్చారు. దారంతా మగవాళ్లు ముందు, మేం వెనక.  బస్సులో కూర్చున్నాక, వచ్చేటప్పుడు జీపులో మనుషుల్ని తెస్తావేమో అనుకున్నానని ఆయనకు చెప్పేశాను. ఆయన చెంప ఇంకా ఎర్రగానే ఉంది. నువ్వు అవతలి వాళ్లతో కలిసిపోయి నన్ను పిలిపిస్తున్నావేమోనని తానూ అనుకున్నానని చెప్పాడు. అయినా వచ్చావు కదా అన్నాను. ఆ రాత్రి ఆయన చెప్పిన మాటల్లో సగం నమ్మాను. మిగతా సగం నమ్మడానికి ఇంకో ఏడాది పట్టింది.

పెద్దాయన మళ్లీ కబురు పంపాడు, ప్రభాకర్ పోలేదు. ఆ వీధిలో ఆ సాయంత్రం అన్న మాటలు నెల తిరక్కముందే జమ్మలమడుగులో, ముద్దనూరులో, ప్రొద్దుటూరు కోర్టు బయట టీ అంగళ్లలో కూడా వినబడ్డాయి. మా ఇద్దరి మగవాళ్లకు ఏమైనా అయితే జనం ఎవరి ఇంటి వైపు చూస్తారో పెద్దాయనలకు తెలుసు. అందుకని ఏమీ కాలేదు. కేసులు మాత్రం అట్లాగే నడుస్తున్నాయి. మా వాళ్లిద్దర్నీ సాక్షులుగా ఇంకా పిలవలేదు.

ఎన్నికల ముందు జమ్మలమడుగులో పెద్ద సభ జరిగింది. పెద్దాయనలు ఇద్దరూ ఒకే పార్టీ కండువాలు కప్పుకుని ఒకరికొకరు దండలు వేసుకున్నారు. మైకుల్లో అన్నదమ్ములు అన్న మాట మా ఇంటి దాకా వినబడుతోంది. అప్పటికి ప్రభాకర్ ఒక ప్రైవేటు బడి బస్సు నడుపుతున్నాడు. సభకు రమ్మని ఇద్దరు వచ్చి పిలిచారు. పిల్లల్ని ఇళ్లకు దింపే వేళయిందని చెప్పి, బస్సెక్కి వెళ్లిపోయాడు.